వట్లూరులో నొక్కితే గూడెంలో తిరిగే మిషను

జేమ్స్ చెయ్యి లోపల ఉండగానే మిషను తిరిగింది. తలుపు తెరిచి ఇనుప రజను తీస్తున్నాడు పాపం. పక్క మిషను మీదున్న ఏసోబు పరుగెత్తి ఎర్ర బొత్తాం గుద్దేలోపే మూడు వేళ్ళు పోయాయి. తిప్పినవాడు తాడేపల్లిగూడెంలోనే లేడు. వట్లూరు అపార్ట్‌మెంటులో కూర్చుని కంప్యూటర్లో నొక్కాడు.

ఆ షెడ్డులో కొల్లేటి చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు షాఫ్టులు తయారవుతాయి. కిందటేడు ఓనరు జగ్గారావు మిషన్లన్నిటినీ ఇంటర్నెట్‌కి కలిపాడు. అప్పటినుంచి మనిషికి రెండేసి మిషన్లు. తిప్పడం, ఆపడం ఇంజనీరు గోపీచంద్ వంతు. చాకిరీ వీళ్ళది, మీట వాళ్ళది.

నాలుగో రోజు జగ్గారావు కాగితం పట్టుకొచ్చాడు.

"ఏసోబుగారూ, జేమ్సే అజాగ్రత్తగా ఉన్నాడని రాశానండి. చూసినవారు మీరే కదా, ఓ సంతకం పెట్టండి. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇరవై ఏళ్ళలో ఏనాడూ లేని 'గారు' తగిలించాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే మరి. రేపు పెడతానని ఏసోబు కాగితం జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళు పోయాయి, ఓపిక పోయింది. పెట్టేసి ఇంటికెళ్ళి పడుకోవాలనే ఉంది. ఉన్న పని పోతే ఈ వయసులో ఎవడిస్తాడు?

మధ్యాహ్నం క్యారేజీల దగ్గర షాఫ్టులు ప్యాక్ చేసే నాగరత్నం అడిగేసింది.

"పెట్టేస్తారేంటండీ బాబాయ్?"

ఏసోబు ముద్ద కిందపెట్టాడు.

"తలుపు తీస్తే మిషను తిరగకుండా సెన్సారు ఉంటది కదమ్మా. జేమ్స్ మిషను సెన్సారుకి అయస్కాంతం అంటించింది నేనే. తలుపు తీసున్నా మూసున్నట్టే అనుకుంటది. పని తెములుద్దని గోపీచంద్‌గారు ఫోన్లో చెప్తే చేశాను. వాడి వేళ్ళు తీసింది నేనేనమ్మా."

పక్క వరస మిషన్లు చూసే వెంకట్రాజు తల దించుకుని అన్నాడు.

"నా వాటికి నేనే అంటించుకున్నానండి."

"నేనూనండి," అన్నారింకొకరు. లెక్క చూస్తే షెడ్డులో అయస్కాంతం లేని తలుపే లేదు.

"కర్రిచ్చి పళ్ళు రాలగొట్టించుకున్నాం," అంది నాగరత్నం.

"ఆ ఇంటర్నెట్టు పీకేయమందామండి!" వెంకట్రాజు లేచాడు.

"ఎందుకండీ?" అని నాగరత్నం ఆపింది. "దూరం నుంచి చూసుకోమనండి, ఆపుకోమనండి. తిప్పే తాళంచెవి మాత్రం మిషను దగ్గరున్నోళ్ళ జేబులో ఉండాలి."

ఆ మాట మీద నిలబడ్డారు. మర్నాడు ఎనిమిదింటికి అయస్కాంతాలు పీకేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, మిషన్ల ముందు కూర్చున్నారు. వట్లూరులో గోపీచంద్ ఎంత నొక్కినా ఒక్కటీ కదల్లేదు.

ఏసోబు ఆ కాగితం జగ్గారావు చేతికిచ్చాడు. అప్పటికే అందులో జేమ్స్ పేరు కొట్టేసి, కింద రాశాడు: "అంటించింది నేను. అంటించమన్నది మీ ఇంజనీరు." సంతకం పెట్టాడు. చాలా రోజులకి ఊపిరి ఆడినట్టయింది. దాని కింద మరో పదమూడు సంతకాలున్నాయి.

పదింటికి పోలీసు జీపు వచ్చింది.

"ఏసోబంటే ఎవరయ్యా? తప్పు ఒప్పుకున్నావంటగా, ఎక్కు," అన్నాడు ఎస్సై.

ఏసోబు మోకాలు పట్టుకుని మెల్లగా ఎక్కాడు. వెనకే నాగరత్నం ఎక్కింది.

"నువ్వెందుకమ్మా?"

"నేనూ సంతకం పెట్టానండి."

వెంకట్రాజు ఎక్కాడు. మరో ముగ్గురు ఎక్కారు. జీపులో ఇక చోటు లేదు. మిగతా ఎనిమిది మందీ స్టేషనుకి నడక మొదలుపెట్టారు.