తాత బోర్డు వరస

ఆ పొద్దున ఒక పక్క ఎండ కాస్తుంటే ఇంకో పక్క జల్లు కురిసింది. మా కోళ్ల హేచరీ రేకుల కప్పు సగం తడిసి, సగం మెరిసింది. మా బామ్మర్ది ఎడమ భుజం ఒక్కటే తడుపుకుని వచ్చాడు. వాణ్ని ఇంట్లో అందరం ‘రేపు’ అంటాం. చొక్కాకు ఆఖరి గుండీ కూడా పెట్టుకోడు. మొదలుపెట్టిన ఏ పనీ కొసదాకా తేడు.

నేను హేచరీలో మెషిన్లు చూస్తాను. మా ఆవిడ సూపర్‌వైజరు. కిందటి వారం దాణా కంపెనీ మనిషి తన లాప్‌టాప్‌ను మా వైఫైకి కలిపి ఏదో నొక్కితే, గుడ్ల మెషిన్లో వేడి పెరిగిపోయింది. దాంతో ఓనరు ఫైర్‌వాల్ కొన్నాడు. మెషిన్లకూ మిగతా కంప్యూటర్లకూ మధ్య కాపలా కాసే పెట్టె అది. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో దానికి రూల్సు రాసిపెట్టాలి. ఆ పని మా ఆవిడ మాట మీద రేపుకి దొరికింది.

ఆ రోజుకి పన్నెండు వేల గుడ్లు పెట్టి ఇరవై ఒక్క రోజులు. పిల్లలు బయటికొచ్చే పూట వాటి ఒంటి వేడికే మెషిన్ కాగిపోతుంది. మెషిన్ మీది తెర చెడిపోయి ఉంది. వేడి చూడాలన్నా, ఫ్యాను పెంచాలన్నా ఆఫీసు కంప్యూటరే దిక్కు.

“ఎలా రాస్తావురా?” అంది మా ఆవిడ.

“గేటు దగ్గర తాత బోర్డు ఉందిగా అక్కా. అదే వరస.”

తాత అంటే మా వాచ్‌మన్. ఆయన బోర్డు మీద పెద్దక్షరాలతో ‘ఎవరూ లోపలికి రాకూడదు’ అని ఉంటుంది. దాని కింద చిన్నక్షరాలతో పశువుల డాక్టరు, కరెంటు మనిషి, గుడ్ల వ్యాను తప్ప అని.

రేపు మొదటి లైనులో అందరినీ ఆపమన్నాడు. రెండో లైనులో ఆఫీసు కంప్యూటర్నీ, మూడో దాంట్లో తన లాప్‌టాప్‌నీ పోనివ్వమన్నాడు. బటన్ నొక్కాడు. తెర మీద వేడి, ఉండాల్సిన తొంభై తొమ్మిది ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గరే బిగుసుకుపోయింది.

“లాప్‌టాప్ కూడా పోవట్లేదు బావా. పెట్టె దగ్గరికే వెళ్లి సరిచేస్తా.”

పెట్టె ఉన్న గదిది ఇనప తలుపు. కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది. ఆ కార్డు మంచిదో కాదో తలుపు ఆఫీసు కంప్యూటర్ని అడగాలి. ఆ అడగడం ఫైర్‌వాల్ మీదుగానే పోవాలి. రేపు కార్డు పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. తుడిచి పెట్టాడు. ఎర్రదే.

“తలుపు కూడా నన్ను రానివ్వట్లేదు బావా.”

“ఎవరినీ రానివ్వొద్దని నువ్వేగా రాశావు.”

“మెషిన్ తలుపు తీస్తే కాస్త చల్లబడదా?” అంది మా ఆవిడ.

“తేమ పోతే పిల్లలు పెంకుకి అతుక్కుంటాయి,” అన్నాను.

ఆమె తమ్ముడి వంక చూసింది. ఆ చూపుకే వాడికి భయమేసింది.

మా పరుగులు చూసి తాత వచ్చాడు. జరిగింది విన్నాడు.

“ఎవరూ రాకూడదని పైన రాశావా నాయనా?”

“నీ బోర్డులాగే తాతా.”

“నేను కింది లైను కూడా చదువుతాను. నీ పెట్టె చదువుతుందా?”

రేపు నేల మీద చతికిలబడ్డాడు. “చదవదు తాతా. పైనుంచి వస్తుంది. తగిలిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది.”

నాకు నవ్వొచ్చింది. రాకూడని వేళ వచ్చింది. గోడకి ఆనుకుని నవ్వాను. నన్ను చూసి తాత, తాతని చూసి మా ఆవిడ. ఆమె కళ్లు తుడుచుకుంటూనే, “సేవ్ అన్నా చేశావురా?” అంది.

“అన్నం తిన్నాక చేద్దామని...”

“ఒక్క పనైనా పూర్తి చేస్తావా?”

వాడు గబుక్కున లేచాడు. “అక్కా, సేవ్ చెయ్యలేదు.”

“అదేగా నేను తిట్టేది.”

“కాదక్కా. సేవ్ చెయ్యలేదు. పెట్టెకి కరెంటు తీసి మళ్లీ వేస్తే నేను రాసిందంతా పోతుంది. అందరినీ పోనిచ్చే పాత రూల్సే ఉంటాయి.”

వసారాలో స్విచ్‌ల బోర్డు ఉంది. పేర్ల కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఏది ఏ గదిదో తాతకే తెలుసు.

“ఎడమ నుంచి నాలుగోది. దాని పక్కది గుడ్లది. నమ్మకం లేకపోతే చెప్పు, నేను నొక్కుతా.”

“నువ్వే నొక్కు తాతా.”

తాత తీశాడు. పది లెక్కపెట్టి వేశాడు. పెట్టె నిద్ర లేవడానికి అయిదు నిమిషాలు పట్టింది. నలుగురం ఇనప తలుపు ముందు వరసగా నిలబడ్డాం. రేపు మళ్లీ కార్డు పెట్టాడు. పచ్చ లైటు వెలగ్గానే నన్ను నడుం పట్టి గిర్రున తిప్పాడు. విడిపించుకుని ఆఫీసుకి పరిగెత్తాను. తెర మీద వేడి నూట ఒకటిన్నర. ఫ్యాను పెంచాను. అంకె కొద్దికొద్దిగా దిగుతుంటే ముగ్గురూ నా భుజాల మీంచి చూశారు.

రేపు మళ్లీ రాశాడు. ఆఫీసు కంప్యూటరు ముందు, లాప్‌టాప్, ఇనప తలుపు తరవాత, ‘ఎవరూ రాకూడదు’ అట్టడుగున. ఆఫీసు తెర మీద అంకె కదులుతూనే ఉందని చూశాక, మా ఆవిడ పక్కన నిలబడి మూడుసార్లు సేవ్ చేయించింది.

“నా బోర్డు కూడా తిరగరాయించాలా?” అన్నాడు తాత.

“వద్దు తాతా. నువ్వు కిందిదాకా చదువుతావుగా.”

మధ్యాహ్నానికి గోడ అవతల కిచకిచలు మొదలయ్యాయి. ఒకటి, పది, ఆ తరవాత లెక్క అందలేదు. ఆఫీసు బల్ల మీద క్యారేజీ విప్పాం. మా ఆవిడ ముందు తాతకి వడ్డించింది, తరవాత తమ్ముడికి. రేపు తన గిన్నె మూత ఎప్పటిలాగే తెరిచి వదిలేశాడు. ఆమె చూసింది. ఆ గిన్నెలో ఇంకో ముద్ద వేసింది.