పసుపు పెట్టిన రాకాసి

నేను ఒక రాకాసిని. అరచేతిలో ఇమిడే అట్టముక్కనే కదా అని తేలిగ్గా తీసుకోకండి. నా చేతిలో గండ్రగొడ్డలి ఉంది. దాని అంచు నుంచి నెత్తురు కారుతోంది. నా కాళ్ళ కింద ఒకటే ఆజ్ఞ రాసి ఉంది: 'కొలువులో ఉన్నంతసేపూ, ప్రతి వంతుకూ ఎదుటి కొలువులో ఒకరిని నరుకు.'

నన్ను పుట్టించింది మృదుల. బెజవాడలో ఒక శుభలేఖల ప్రెస్సులో ఆమె ఉద్యోగం. పొద్దంతా వధూవరుల పేర్లు కూర్చి, మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన అట్టముక్కల మీద నరికేవాళ్ళనూ నరికించుకునేవాళ్ళనూ గీసేది. అలా ఆరేళ్ళు గీసి తొంభై కార్డుల ఆట చేసింది. దాని పేరు 'కొలువు'. దసరాకి బొమ్మలు పేర్చినట్టు, ఆడేవాళ్ళు తమ ముందు రాజులనూ మాంత్రికులనూ భూతాలనూ ఒక్కొక్కరినే పేర్చుకుంటూ పోవాలి. వంతు వచ్చినప్పుడు దొంతర పైకార్డో, బల్ల మీద తెరిచి పెట్టిన వాటిలో ఒకటో తీసుకోవాలి. చివరికి ఎవరి కొలువు నిండుగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. నిండనివ్వకపోవడం నా పని.

తొంభై మందిలో మొదట పుట్టినదాన్ని నేనే. మొదటి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టందే ఆ ప్రెస్సులో కట్ట కదలదు. ఆ అలవాటు కొద్దీ మృదుల నాకూ పెట్టింది. పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి చేతికి గొడ్డలి ఇచ్చిన మనిషిని ఏమనాలి? నేను మాత్రం పొంగిపోయాను.

ఆటను అచ్చువేస్తామన్న కంపెనీ ఒక షరతు పెట్టింది. భానోజీ అనే ఆయన ముందు ఆడి చూసి, బాగుందని రాసివ్వాలి. ఆయన కాదంటే ఆరేళ్ళ కష్టం బుట్టదాఖలే. ఒక ఆదివారం పొద్దున మృదుల మమ్మల్ని ఆయన ఇంటికి తీసుకెళ్ళింది. ఎదురు ఆడటానికి ఆయన స్నేహితుడు విక్టర్ కూర్చున్నాడు. ఆట చేసినవాళ్ళు నోరు విప్పకూడదట. మృదుల పక్క కుర్చీలో చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

నేను భానోజీ చేతికి చిక్కాను. కొలువులో దిగీ దిగగానే విక్టర్ ముసలి మాంత్రికుణ్ణి గడ్డం పట్టి లాగి మెడ నరికాను. తర్వాత కవల విలుకాళ్ళలో ఒకణ్ణి, ఆ తర్వాత వాడి కోసం ఏడుస్తున్న రెండోవాణ్ణి. రాణి కోట తలుపు వేసుకుంటే తలుపుతో సహా చీల్చాను. రెండో ఆటలోనూ నేను భానోజీకే దొరికాను. రెండు ఆటల్లో ఇరవై రెండు పీనుగులు బల్ల చివర గుట్టపడ్డాయి. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు నచ్చింది. నన్ను చంపగలిగినవాడు ఒక్కడే, వడిసెల తిప్పే గొర్రెల కాపరి. వాడు రెండుసార్లూ భానోజీ చేతిలోనే ఇరుక్కుపోయాడు. నా అదృష్టం అనుకున్నాను.

భానోజీ కలం తీశాడు. "ఏమనుకోకండి మృదుల గారూ. ఈ రాకాసి ఎవరికి దొరికితే గెలుపు వాళ్ళదే. ఇంక ఆడటం ఎందుకండీ? అచ్చుకి పనికిరాదని రాసేస్తున్నా."

గర్వంతో నా రొమ్ము ఉప్పొంగింది. మృదుల ముఖం చూశాక సిగ్గేసింది.

విక్టర్ కార్డులన్నీ దొంతరగా సర్ది ఆగిపోయాడు. దొంతర అంచున సన్నటి పసుపు గీత, నా మూలలది. "ఒరేయ్, ఇది చూస్తున్నావు కదరా నువ్వు? రాకాసి ఎప్పుడొస్తుందో తెలిసే కాపరిని ముందే లాక్కున్నావు. రెండుసార్లూనూ!"

"నోరు జాగ్రత్త. నేను దొంగాట ఆడతానా?"

"ఆడావు. అది చాలక ఆవిడ నోటికాడ కూడు తీస్తున్నావు."

భానోజీ పిడికిలి విక్టర్ ముక్కు మీద పడింది. కుర్చీ విరిగింది. విక్టర్ లేచి భానోజీ చొక్కా పట్టి బీరువాకేసి అతని తల కొట్టాడు. టీ గ్లాసులు పగిలాయి, ఒకరి అరచేయి తెగింది, నా ముఖం మీద వెచ్చటి చుక్క పడింది. అంతమందిని నరికినదాన్ని, ఒక్క ముక్కు పగిలితే అంత చప్పుడొస్తుందని నాకు తెలియదు. మొదటిసారి భయపడ్డాను.

"ఆపండి! పసుపు పెట్టింది నేను!" అని మృదుల అరిచింది. వాళ్ళు రొప్పుతూ విడిపోయారు. ఆమె శుభ్రమైన అట్టముక్క తీసి, నా బొమ్మా, నా ఆజ్ఞా దాని మీద దించింది. "ఇంకొక్క ఆట ఆడండి. తర్వాత మీ ఇష్టం వచ్చింది రాసుకోండి."

భానోజీ విరిగిన కుర్చీని పక్కకి నెట్టాడు. "కన్ను దానంతటదే ఆ పసుపు మీదికి పోయిందిరా," అన్నాడు. ముక్కులో దూది పెట్టుకుని విక్టర్ కార్డులు కలిపాడు.

నేను బల్ల చివర వెల్లకిలా పడి చూశాను. కొత్త రాకాసి ఈసారి కూడా భానోజీకే వచ్చింది. ఇద్దరిని నరికింది. మూడో వంతులో విక్టర్ కాపరి వడిసెల తిప్పాడు. రాయి కనుబొమల మధ్య దిగింది, అంతే. చివరికి విక్టర్ ఒక్క భటుడి తేడాతో గెలిచాడు. భానోజీ పాత కాగితం చింపి, కొత్తదాని మీద 'బాగుంది' అని రాశాడు.

మృదుల ఏడ్చింది. నా కంటికి మాత్రం ఆమె సంతోషం ఆనలేదు. అదే బొమ్మ, అదే గొడ్డలి. మూడు వంతుల్లో చచ్చింది. మరి నా ఇరవై రెండు హత్యల్లో నా బలం ఎంత?

ఆట అచ్చయింది. నేను ప్రెస్సులో మృదుల బల్ల అద్దం కింద ఉన్నాను. శుభలేఖలకు వచ్చే ఆడపెళ్ళివారు నా ముఖం మీది నెత్తుటి మరక చూసి ఉలిక్కిపడతారు. నా మూలల పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. ఇప్పుడు దొంతరలో కలిపితే ఎవరూ గుర్తుపట్టరు. అలా ఒక్కసారి దిగాలని ఉంది. ఆ కాపరి ఎదురుగా ఉండగా దిగాలి. చంపితే నేనే చంపానని తెలుస్తుంది. చస్తే, నేను కూడా యుద్ధం చేశానని తెలుస్తుంది.