బాగుండామనే వీధి

"ఎట్లుండావు?" అని ఎవరు అడిగినా మా వీధిలో జవాబు ఒకటే. "అల్ హందులిల్లా, బాగుండాం." కాలు విరిగి మంచం మీద ఉన్నా అదే మాట, కాన్పయిన మర్నాడైనా అదే మాట. ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి, తక్కినది తర్వాత. చాలాసార్లు ఆ తక్కినది రానే రాదు. నేను ఈ మాట వింటూ పెరిగాను, నా పిల్లలకూ ఇదే నేర్పాను. దీనివల్ల ఎవరికైనా నష్టం ఉంటుందని వసుధ వచ్చేదాకా నాకు తోచలేదు.

వసుధది కుప్పం. ఏదో పరిశోధన సంస్థ తరఫున మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడగడం ఆమె పని. జనం దేనికి భయపడతారు, టీవీలో ఫోన్లో ఏం చూస్తారు, ఒంట్లో ఎట్లా ఉంటుంది, ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడి ఉంటాయో తెలుసుకుంటారట. నాకు అందులో పెద్ద వింత కనిపించలేదు. భయం ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుంటారు. ఇంట్లో కూర్చున్నవాళ్లు ఫోన్ చూస్తారు. ఫోన్ చూసేంతసేపు నొప్పి గుర్తుకు రాదు. కానీ చదువుకున్న పిల్ల, ఎండలో తిరిగి వచ్చింది, ఆ మాట ఆమెతో అనలేదు.

పుంగనూరులో మా వీధికి ఆమెను తీసుకొచ్చింది ఆశా కార్యకర్త మునిలక్ష్మి. "షంషున్నీసా అక్క తోడొస్తే ఈ వీధిలో తలుపు తీయని ఇల్లు ఉండదు" అని నన్ను అప్పగించి వెళ్లిపోయింది. నేను వెంటనే ఒప్పుకోలేదు. ఇంటి పని ఉంది, మోకాళ్లు ఉన్నాయి. అప్పుడు వసుధ ఒక మాట చెప్పింది.

"దగ్గు ఎక్కువుండే వీధులకు ఎక్స్‌రే బండి వస్తాది ఆంటీ. వీధి మొదట్లోనే నిలబెట్టి అందరికీ తీస్తారు. మేము పంపించే లెక్కను బట్టే ఏ వీధికి రావాలనేది."

ఆ మాటకే చెప్పులు వేసుకున్నాను.

మా ఇంటాయన ఖాసింకు బస్టాండు దగ్గర పరుపుల అంగడి ఉంది. చిన్నప్పటినుంచీ దూదిలోనే బతికాడు. పోయిన రంజాను దాటినప్పటినుంచి ఆయన దగ్గు తగ్గలేదు. మదనపల్లె పెద్దాసుపత్రికి పోదామంటే, "దూది పని చేసేవాడు దగ్గకపోతే పని ఎగ్గొట్టినాడని అర్థం" అని నవ్వేవాడు. ఈమధ్య నవ్వడం కూడా మానేశాడు, నవ్వితే దగ్గు వస్తుందని. మసీదులో ముందు వరసలో నిలబడే మనిషి ఇప్పుడు వెనక వరసకు పోయి నిలబడుతున్నాడని పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. ఒంటరిగా ఆసుపత్రికి పోయే మనిషి కాదు. కానీ పదిమంది వరసలో ఉంటే తప్పకుండా పోయి నిలబడతాడు. అందుకే ఆ బండి మా వీధికి రావాలని నా ఆశ.

మొదట జైబున్నీసా ఆపా ఇంటికి పోయాం. ఆమె మంచం మీద, కోడలు ముస్కాన్ కింద చాప మీద కూర్చున్నారు.

"చీకటి పడినాక బయటికి పోవాలంటే భయమేస్తాదా?" అని వసుధ చేతిలోని ట్యాబ్ చూసి అడిగింది.

"ఏం భయం మా? అల్లా ఉండాడు" అంది ఆపా.

"నువ్వు చెప్పమ్మా" అని వసుధ కోడలి వైపు తిరిగింది.

"ఆమె కూడా అంతే" అంది ఆపా.

"ఆమెనే చెప్పనీ ఆపా" అన్నాను నేను.

ముస్కాన్ గోరు గిల్లుకుంటూ నాతో, "మగ్రిబ్ నమాజు దాటినాక నేను గడప దాటను కదా ఖాలా. పోతే కదా భయముందో లేదో తెలిసేది" అంది.

వసుధ వేలు ట్యాబ్ మీద ఆగిపోయింది. "ఇప్పుడు నేను భయం ఉందని కొట్టాలా, లేదని కొట్టాలా?"

"లేదనే కొట్టు. మా ఇంట్లో భయమేంది?" అని ఆపా తీర్పు చెప్పేసింది.

"ఫోన్లో ఏం చూస్తారు?"

"బయాన్లు. మౌల్వీలు చెప్పే దీన్ మాటలు తప్ప ఇంకేమీ చూడం మా."

సరిగ్గా అప్పుడే దిండు కింద ఉన్న ఫోన్లోంచి ఒక ఆడమనిషి బావురుమంది. వెనకే ధన్ ధన్ అని వాయిద్యాలు. ఆపా చెయ్యి దిండు కిందికి పోయింది గానీ ఏ బొత్తాం నొక్కాలో తెలియక ఏడుపు ఇంకా పెద్దదైంది.

"ఆ బయాన్ చెప్పేటామెకు ఏం కష్టమొచ్చిందో అత్తా, పాపం అట్లా ఏడుస్తాంది" అంది ముస్కాన్, ముఖం మామూలుగా పెట్టి. వసుధ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి ఆపా కూడా నవ్వింది.

తర్వాత ఒంటి సంగతి వచ్చింది. "ఈ నెలలో ఒంట్లో బాగలేకుండా ఏమైనా ఉండిందా?"

"అల్ హందులిల్లా. బాగుండాం."

ఆపా మోకాలికి గుడ్డ కట్టి ఉంది. గదంతా కర్పూరం నూనె వాసన. మేము లేస్తే సాగనంపడానికి లేవబోయి, లేవలేక, "పోయిరండి" అని కూర్చునే చెయ్యి ఊపింది. వసుధ ఆ మోకాలు చూసింది. కానీ ట్యాబ్ మీద "బాగుంది" అనే కొట్టింది.

అన్ని ఇళ్లలోనూ ఇట్లాగే జరిగింది. ఒక ఇంట్లో లోపలి గదిలో ఎవరో దగ్గుతూనే ఉన్నారు, వాకిట్లో పెద్దాయన మాత్రం ఇంట్లో అందరూ బాగున్నారని చెప్పాడు. ఆ ఇల్లు దాటాక వసుధ అంది:

"మా కుప్పం పక్క పల్లెలో బయ్యమ్మ అని ఒక అవ్వ ఆంటీ. ఎట్లుండావు అవ్వా అన్నదే పాపం. తలనొప్పితో మొదలుపెట్టి కాలి గోరు దాకా వచ్చేతలికి నా ట్యాబ్‌లో చార్జింగ్ అయిపోయె. ఆమె కోడలు పక్కనుంచి, 'మొన్న పెండ్లిలో ఎగిరింది కూడా చెప్పు' అంటాండె. అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు ఆ అవ్వ కాళ్లకు మొక్కాలనిపిస్తాంది."

వీధి చివర మా ఇల్లు ఒక్కటే మిగిలింది. వసుధ ఒక అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పింది. మడమల మీద బొబ్బలు. మదనపల్లెలో ఉండే పై అధికారి మునిరాజు ఫోన్ చేసి, బండి ఏ వీధులకు పోవాలో సాయంత్రానికి తేల్చాలన్నాడు. ఫోన్ పెట్టేసి ట్యాబ్ నా వైపు తిప్పింది. ఏవో రంగుల గీతలు. మా వీధిది అన్నిటికంటే పొట్టి గీత.

"మూడు ఊళ్లలోనూ ఇంత ఆరోగ్యమైన వీధి లేదు ఆంటీ. బండి ఈడికి రాదు."

"జబ్బులు లేకేం తల్లీ! పోయిన గురువారం దువాలో సగం దగ్గులే" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. వసుధ నిటారుగా కూర్చుంది.

ప్రతి గురువారం మేము ఆడవాళ్లం ఒక ఇంట్లో చేరి ఖురాన్ చదువుతాం. చివర్లో దువా, అంటే అందరం చేతులు చాచి దేవుణ్ణి అడుక్కోవడం. అప్పుడు మాత్రం ఎవరూ బాగున్నామని చెప్పరు. ఒకామె కడుపులో గడ్డ, ఇంకొకామె మగని తాగుడు, ఒక పిల్ల నిద్ర పట్టని రాత్రులు, అన్నీ బయటికి వస్తాయి. అక్కడ చెప్పేది దేవుడికి. మేము పక్కన కూర్చున్నాం కాబట్టి వింటాం, అంతే.

"ఎవరెవరికి దగ్గు ఆంటీ? మీరు చెప్తే చాలు, మళ్లీ పోయి అడిగొస్తా."

"అది నేను చెప్పేది కాదు తల్లీ."

"పేర్లొద్దు. ఊరికే ఎన్ని ఇళ్లో చెప్పండి."

"ఇంత చిన్న వీధిలో ఎన్ని ఇళ్లని చెప్పినా పేర్లు చెప్పినట్టే. దువా కోసం చెప్పిన మాట అమానతు. దాచిపెట్టమని చేతికిచ్చిన వస్తువు లాంటిది. తీసి నీకిస్తే ఇంక ఆ ఆడవాళ్లకు చెప్పుకునేదానికి యాడుండాది చోటు?"

ఆమె ట్యాబ్ మూసి ఒళ్లో పెట్టుకుంది. అలసిపోయిన ముఖం. "వాళ్లు చెప్పిందే నేను కొట్టాల ఆంటీ. నాకు కనిపించింది కొట్టకూడదు. అది మా రూలు" అంది.

నాకూ అలసటగానే ఉంది. జబ్బు ఇచ్చినవాడే మందూ ఇచ్చాడని మా పెద్దలు చెప్పారు. కృతజ్ఞత చెప్పమన్నదీ వాళ్లే. మరి మందు ఎక్కి వచ్చే బండి ముందు కూడా మేము కృతజ్ఞతే చెప్పి పంపించేస్తున్నామా? దేవుడికి చెప్పుకోవాల్సిన నొప్పి, మనిషికి చెప్పాల్సిన నొప్పి వేరువేరా? ఎవరిని అడగాలో తెలియలేదు. ఎదుటివాళ్ల మాట నాది కాదు. మా ఇంటి మాట మాత్రం నాదే.

మధ్యాహ్నం అన్నానికి ఆయన వచ్చాడు. కనుబొమల మీద ఇంకా దూది పీచు ఉంది.

"కూర్చో మా. చాయ్ తాగినావా? ఎండలో ఏం తిరుగుడు మా నీకు, ఇంట్లో ఏమీ అనరా?" అని వసుధను మర్యాదగా పలకరించాడు. ప్రశ్నలన్నింటికీ ఓపికగా జవాబు చెప్పాడు. ఫోన్లో ఏం చూస్తారంటే, "పాత పాటలు వింటా. దాచేదేముంది?" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది.

"ఒంట్లో ఎట్లుండాది అంకుల్?"

"అల్ హందులిల్లా. బాగుండాను."

చెప్తూండగానే దగ్గు వచ్చింది. తువాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. అది ఆగేదాకా వసుధ తల వంచుకుని కూర్చుంది.

"రెండు వారాలు దాటిన దగ్గు ఏమైనా..."

"దూది మా, దూది. దగ్గు కాదు."

వసుధ వేలు కదిలింది. "లేదు" అనే చోట కొట్టడం నాకు కనిపించింది. తర్వాత నా వైపు తిరిగి, నా ముఖం చూడకుండా, ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు చదివింది. "ఇంట్లో ఎవరికైనా ఆ దగ్గు ఉందా అని ఆడవాళ్లను అడగాల ఆంటీ. మీరు చెప్పండి."

అతిథి ముందు మగని మాట కాదనడం మా ఇళ్లలో లేదు. నేనూ ఎప్పుడూ చేయలేదు.

"ఉండాది" అన్నాను. "మా ఇంటాయనకు. రంజాను దాటినప్పటినుంచి. రాత్రిళ్లు దిండు తడిసిపోతాది చెమటకు. చొక్కాలన్నీ లూజైపోయినాయి. నేనే కుట్లేసి బిగిస్తాండాను."

ఆయన తువాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"ఏమే, దేవుడు మనకేం తక్కువ చేసినాడని పరాయి పిల్ల ముందర ఫిర్యాదు చేస్తాండావు?"

"దేవుని మీద కాదు. దగ్గు మీద."

ఆయన టోపీ పెట్టుకుని లేచాడు. వడ్డించిన అన్నం అట్లాగే ఉంది. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ మళ్లీ దగ్గాడు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినిపించింది.

వసుధ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నావల్ల అయిపోయింది ఆంటీ."

"నీవల్ల కాదులే. బండి వస్తాదా?"

"ఒక్క ఇంటి జవాబుతో రాదు. కానీ ఇట్లా దగ్గు ఉందని ఎవరైనా చెప్తే, ఆ మనిషికి కఫం డబ్బీ ఇయ్యాల." సంచిలోంచి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసింది. "పొద్దున లేస్తూనే పరగడుపున గట్టిగా దగ్గి దీంట్లో ఉమ్మేయాల. మదనపల్లె ఆసుపత్రిలో ఇస్తే టీబీ పరీక్ష చేస్తారు. ఆయప్ప ఒప్పుకుంటాడా?"

నాకేం తెలుసు? డబ్బీ తీసుకుని కిటికీలో పెట్టాను.

రాత్రి ఆయన వచ్చి తిన్నాడు. మాట్లాడలేదు. రోజూ కిటికీలో పెట్టే టోపీని డబ్బీ పక్కన పెట్టకుండా మేకుకు తగిలించాడు. పొద్దున ఆ డబ్బీలో ఏం చేయాలో ఒక్కసారి చెప్పాను, అంతకు మించి నేనూ బతిమాలలేదు. ఇషా నమాజులో ఏమని అడగాలో కూడా తోచక, చేతులు చాచి ఊరికే కూర్చున్నాను.

పొద్దున మసీదు నుంచి ఆయన వచ్చిన చప్పుడైంది కానీ లోపలికి రాలేదు. చాయ్‌కి నీళ్లు పెడుతూ చూస్తే కిటికీ ఖాళీగా ఉంది. పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర, నాకు వీపు పెట్టి, వంగి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది. ఎప్పుడూ దగ్గును ఆపుకునే మనిషి, ఈసారి దాన్ని లోపలినుంచి రప్పిస్తున్నాడు. నేను దగ్గరికి పోలేదు.

కాసేపటికి వచ్చి, రుమాలులో చుట్టిన డబ్బీని గట్టు మీద పెట్టాడు.

"మూత గట్టిగా తిప్పినా."

"మొదటి బస్సుకు నేను తీసుకపోతా" అన్నాను.

ఆయన చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ ఆ మూతను చేత్తో తిప్పి చూశాడు.

"ఆ రోడ్డు గుంతల్లో నువ్వు పట్టుకోలేవు. ఒలికిపోతాది. నేనే పట్టుకోనొస్తా."

"అంగడి?"

"ఒకరోజు మూసినా పరుపులు యాడికీ పోవు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డబ్బీ ఉన్న గుడ్డసంచిని ఒళ్లో నిలబెట్టుకున్నాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. బస్సు ఊరు దాటకముందే నిద్రపోయాడు. గుంతలు వచ్చినప్పుడల్లా తల ఊగుతోంది. చేతులు మాత్రం సంచిని వదల్లేదు.