ముగ్గు తొక్కిన మడమ

నా పేరు మన్మథరావు. నవ్వకండి, పెట్టింది మా తాత. ఒడిశాలో, రాయగడ దగ్గరి గుడారి బజారులో మాకు కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. కొట్లోకి చెప్పులతో రాకూడదన్నది మా నాన్న పెట్టిన నియమం. ముప్పై ఏళ్లుగా గోనెల మధ్య ఉత్త కాళ్లతోనే తిరిగాను.

మూడేళ్ల కిందట, యాభై నిండకుండానే, నాలో ఏదో తగ్గింది. నా భార్య రోజారమణి పక్కన పడుకోవాలంటే భయం వేసేది. ఒకటి రెండుసార్లు ఆమె ముందు తల కొట్టేసినట్టయింది. దాంతో గోదాములో ఎలుకలు పడుతున్నాయని చెప్పి మడతమంచం అక్కడికి మార్చాను. ఎలుకలు మా తాత నాటినుంచీ ఉన్నవే. సంతలో ఏవో పొడులు కొని మింగితే కడుపునొప్పి తప్ప ఏమీ రాలేదు. ఆమె ఏమీ అడిగేది కాదు. అన్నం వడ్డించి అవతలికి పోయేది. నేనంటే అసహ్యం పుట్టిందనుకున్నాను.

కిందటి మార్గశిరం, రెండో లక్ష్మివారం, అంటే గురువారం పొద్దున్న, కాఫీ కోసం గోదాములోంచి ఇంట్లోకి వచ్చాను. ఆమె పూజకని గడప నుంచి దేవుడి గది దాకా తడిపిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తోంది. చూసుకోకుండా తొక్కేశాను.

"కళ్లు నెత్తికెక్కినాయేటి?" అంటూ తలెత్తి, ఆగిపోయింది.

తెల్లటి పిండిలో ఎర్రటి మడమ. వెనక గోదాము దాకా అవే గుర్తులు.

"కాలు సూపించండి."

మడమలో గాజుపెంకు దిగి ఉంది. చుట్టూ నల్లబడింది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. ఆమె వేలితో నొక్కినా తెలియలేదు. పూజ వదిలేసి, పిండి చేతులతోనే నన్ను ఆసుపత్రికని రాయగడ బస్సెక్కించింది. పెళ్లయ్యాక లక్ష్మివారం పూజ మానడం ఆమెకదే మొదటిసారి.

డాక్టరు బిశ్వజిత్ రాయగడలోనే పెరిగినవాడు, తెలుగు వచ్చు. షుగరు మూడొందల ఎనభై ఉందన్నాడు. కాళ్ల తిమ్మిరి గురించి, దాహం గురించి అడిగి, గొంతు తగ్గించి, "భార్యాభర్తల మధ్య అంతా బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉందండి," అన్నాను.

"నేదండి," అంది రోజారమణి, తల వంచుకునే. "రెండేళ్లయినాది. ఎలకలని సెప్పి గోదాములో పడుకుంతన్నారు. నా మీద మనసు ఇరిగిపోనాదనుకున్నాను."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మనసు కాదమ్మా, షుగరు," అన్నాడు డాక్టరు. "నరాల్నీ రక్తనాళాల్నీ దెబ్బతీస్తుంది. కాలికి స్పర్శ పోయినట్టే ఇదీను. మగవాళ్లు చాలామంది దీన్ని దాచుకుని, కాలు తీసేయాల్సినప్పుడు వస్తారు. మీ ఆయన కాలు దక్కుతుంది. షుగరు అదుపులో పెడితే రెండోదానికీ వైద్యం ఉంది."

బయట బెంచీ మీద ఆమె ఏడ్చింది. "ముందే సెప్పకూడదేటి?"

"సిగ్గేసింది."

"నాకు నేదేటి సిగ్గు? అయినా సెప్పేను కదా."

నిజమే. నా కాలిని ఆమె కన్ను కాపాడితే, నా కాపురాన్ని కాపాడింది 'నేదండి' అన్న ఆ ఒక్క మాట. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. పిండి ఇంకా గోళ్లలోనే ఉంది.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు కొట్లో చెప్పులేసుకునే తిరుగుతున్నాను, నాన్న క్షమించాలి. మడతమంచం ఎలుకలకే వదిలేశాను. అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు గానీ, ఆమె పక్కన పడుకోవడానికి భయం లేదు.

ఈ ఏడు మార్గశిరం మొదటి లక్ష్మివారం, పిండిగిన్నె పట్టుకుని ముందు నా దగ్గరకే వచ్చింది.

"కాళ్లు సాపండి."

రెండు అరికాళ్లూ వెలుతురులో తిప్పి, వేళ్ల సందులు కూడా చూసింది. ఆ తరువాతే గడప దగ్గర కూర్చుని, లక్ష్మీదేవికి మొదటి పాదం వేసింది.