ఇటివ్వు తాతయ్యా!

"ఒరేయ్, నీ చెవి తప్ప ఏమీ కనపడట్లేదురా! మొహం చూపించు!" అని ఫోనులోంచి తాతయ్య వాళ్లక్క అరుస్తోంది. తాతయ్య ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

ఆ అక్కకు ఏనాడో వినికిడి పోయింది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. అందుకే ఈ వీడియో కాల్. కానీ మాట్లాడాలంటే చాలు, తాతయ్య చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోతుంది.

"ఇటివ్వు తాతయ్యా!" మనవరాలు ఫోను లాక్కుని, టకటకా ఏవో నొక్కి, ఆయన మొహం ముందు పట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

చెప్పింది ఎక్కడ? చేసిపెట్టడమే! తోబుట్టువులు నాలుగు మాటలాడుకునేలోపే ఆ పిల్లకు కాలేజీ టైమైపోయింది. ఇక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అక్క మళ్లీ చేస్తే కనిపించేది ఆ చెవే. ఆమె విసిగి పెట్టేసేది. ఆయన చెప్పాలనుకున్నవన్నీ మనసులోనే ఉండిపోయేవి.

ఇలాంటి ఇళ్లలో ప్రేమకు కొదవ లేదండీ. కరువల్లా ఓపికకే.

తాతయ్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పి రిటైరైన మనిషి. ఆదివారం మనవరాలికి కారు నేర్పుతుంటే, ఎత్తు మీద బండి ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు.

"నా వల్ల కాదు, నువ్వే నడుపు తాతయ్యా!"

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. "హారన్లు కొట్టేవాళ్లని కొట్టుకోనీ. క్లచ్ మెల్లగా వదులు."

మళ్లీ ఆగింది. ఆయన కసురుకోలేదు. చివరికి బండి కదిలింది. ఆ పిల్ల సంబరం ఇంతా అంతా కాదు!

"నీకు విసుగు రాదా తాతయ్యా?"

"ఎందుకు రాదూ! వచ్చినప్పుడల్లా చేతులు ఇంకా గట్టిగా ముడుచుకుంటా. నేను స్టీరింగ్ లాక్కుంటే బండి పోతుంది గానీ, నీకు నడపడం ఎప్పుడొస్తుందే?"

మనవరాలికి చురుక్కుమంది.

ఇంటికి రాగానే ఫోను ఆయన చేతికిచ్చి, పక్కన చేతులు ముడుచుకు కూర్చుంది. ఆయన ఒకసారి కాల్ కట్ చేశాడు. ఇంకోసారి అక్కకు ఫ్యాను చూపించాడు. పిల్లకు లాక్కుందామని చేతులు దురదపెట్టాయి. అయినా ఆగింది.

"గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడ్డావనుకో తాతయ్యా. అలా పట్టుకో."

పెద్దవాళ్లకు ఫోను కొనిస్తే సరిపోదు. వాళ్లు తడబడుతున్నంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చోగలగాలి.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. తెర నిండా తమ్ముడి మొహం!

"ఎవరు పట్టుకున్నార్రా ఫోను?"

"నేనే అక్కా. ఇంట్లో ఎవ్వరూ లేరు," అన్నాడాయన, ఒక్కో మాటా విడమర్చి.

అక్క నవ్వి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "అయితే ఇక తొందరేముందిరా, చెప్పు!"