ముఖం లేని నీలికోటు

నేను ఒక ఏనుగు దంతపు బిళ్ళను. కాగితమంత పలచన, అరచేతిలో ఇమిడిపోయేంత. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు గాని, ఆ సంగతి ఏనుగునెవరూ అడిగినట్టు లేరు. నన్ను కోసి, అరగదీసి, నున్నగా చేసి బందరులో పెండ్రీ దొర చేతిలో పెట్టారు.

పెండ్రీ దొర సొంత ఊళ్ళో గిరాకీ లేక ఓడెక్కి వచ్చిన బొమ్మల దొర. ఈస్టిండియా కుంపిణీ దొరల ముఖాలు దంతం మీద గీసి, గాజు బిగించి ఇచ్చేవాడు. వాళ్ళు వాటిని సముద్రం అవతలి పెళ్ళాలకు పంపుకునేవారు. నీళ్ళరంగు దంతంలోకి ఇంకదు, పైపైనే నిలుస్తుంది. అందుకని చెమటచుక్క రాలకుండా నుదుటికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి గీసేవాడు. బందరు ఎండల్లో ఆ అవస్థ చూస్తే నాకే జాలేసేది.

నా మీద ఆయన గీసింది ఐదేళ్ళ పిల్లవాణ్ణి. తండ్రి కుంపిణీ వర్తకపు కొఠీలో పెద్ద దొర. తల్లి అచ్చాయమ్మ, ఆ దొర ఇంట ఆరేళ్ళుగా కాపురమున్న తెలుగు మనిషి. అలాంటి పిల్లలకు ఐదో ఏడు రాగానే చదువు పేరుతో ఇంగ్లండు సీమకు పంపేయడం ఆ దొరల ఆనవాయితీ. తల్లులను మాత్రం ఓడ ఎక్కించరు. కొడుకును పంపేసి, బదులుగా దొర నన్ను ఆమె చేతిలో పెట్టాడు. న్యాయం చేశాననే అనుకున్నాడు పాపం!

అచ్చాయమ్మ నన్ను మెడలో వేసుకుంది. పొద్దస్తమానం చూసుకునేది. నెల తిరక్కుండానే గాజు ఊడదీసింది. "చల్లగా తగులుద్ది. మా వాడి బుగ్గ ఇట్టా ఉండదు" అంది వంటమనిషితో. తడి తగలనీయొద్దని పెండ్రీ దొర చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. చేతుల అలవాటు మాత్రం వేరే ఉంది.

ఇంకో పది నెలలకు, ఒక ఉదయం గాలికి నా మీద దుమ్ము పడింది. "ఏందిరా అయ్యా, మొకం నిండా దుమ్మే! ఇట్టా రా" అంటూ, వాడున్నన్నాళ్ళూ పొద్దున్నే చేసినట్టే, పైటకొంగు నీళ్ళలో ముంచి తుడిచేసింది.

కళ్ళూ ముక్కూ నోరూ కొంగుకు అంటుకుపోయాయి. నీలికోటు, ఇత్తడి గుండీలు మిగిలాయి. ఆమె కొంగు చూసుకుని పెట్టిన కేక ఇన్నేళ్ళయినా నేను మరిచిపోలేదు.

నన్ను గుప్పిట పట్టుకుని పెండ్రీ దొర దగ్గరికి పరుగెత్తింది.

"మళ్ళీ గీస్తాను అమ్మా. ముఖం ఎట్లా ఉండేది, చెప్పు" అన్నాడు ఆయన వచ్చీరాని తెలుగులో.

"మీరు చూశారు గదా దొరా!"

"ఎందరో పిల్లలను గీశాను. నాకు కోటు గుర్తుంది."

"కళ్ళు పెద్దయ్యి. నవ్వితే సొట్ట పడేది, ఎడం బుగ్గన... కాదు, కుడి బుగ్గన..." అంటూ ఆగిపోయింది. పదకొండు నెలలుగా బొమ్మను చూసి చూసి, కన్నకొడుకు ముఖాన్ని నాకే అప్పగించి ఊరుకుంది. ఇప్పుడు వెతుక్కుంటే లోపల ఏమీ లేదు.

దొర జాలిపడి కుంచె తీశాడు. తోచినట్టు గీస్తానని, ఆమె బాగుందనే దాకా దిద్దుతానని అన్నాడు. ఆమె నన్ను లాక్కుంది.

"వద్దు దొరా. మీరు ఎవర్ని గీసినా వాడే నా కొడుకని నమ్మేస్తాను."

కొడుకు తిరిగి రాలేదు. ఆమె పోయాక ఎవరెవరి చేతులో మారి ఈ మ్యూజియం పెట్టెలోకి వచ్చాను. నా పక్కన ఒక చీటీ పెట్టారు: "అసంపూర్తి చిత్రం. చిత్రకారుడు ముఖం గీయలేదు." రాసినాయన బాగా చదువుకున్నవాడేనట.

గీశాడు బాబూ, అని అరవాలనిపిస్తుంది. మరి ఎలా ఉండేవాడని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? పదకొండు నెలలు మోశాను గాని, నా మీదున్న ముఖాన్ని నేను ఏనాడూ చూడలేదు.