నొప్పి లేదన్నవాళ్లు

"నొప్పి ఉందా?" తలెత్తకుండానే అడిగాడు జట్టు డాక్టరు వెల్‌బర్న్.

"లేదు సార్," అన్నాడు గాస్కిన్స్. అతని మోకాలు కుండలా వాచి ఉంది. మొన్న సాధనలో ముగ్గురు మీద పడ్డారు.

వెనక వరసలో ఉన్న ఓడెల్ ప్రూయిట్ పళ్లు కొరుక్కున్నాడు. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బతికేవాళ్ల నోటికి అలవాటైన అబద్ధమది. నొప్పి ఉందంటే చోటు పోతుందని విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని నవ్వుతారు. ఓడెల్ కూడా తొమ్మిదేళ్లుగా అదే చెబుతున్నాడు.

మధ్యాహ్నానికల్లా గాస్కిన్స్‌ని జట్టులోంచి తీసేశారు. దెబ్బ తగిలినవాణ్ణి తీసేస్తే సీజనంతా జీతమివ్వాలి. బాగున్నవాడికైతే దమ్మిడీ ఇవ్వక్కర్లేదు. డాక్టరు కాగితంలో గాస్కిన్స్ నిక్షేపంగా ఉన్నాడు!

"ఈ కాలితో గోదాములో పెట్టెలు కూడా మొయ్యలేనన్నా. మా ఆవిడకి ఏం చెప్పను?" అని గాస్కిన్స్ ఓడెల్ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం క్యాంపు భోజనాల గదిలో అందరూ పోగయ్యారు.

"మనమేం చేస్తాం? మన చొక్కాలు తొడుక్కుని ఆడ్డానికి గేటు బయట మూడొందలమంది కాచుక్కూచున్నారు," అన్నాడు బంతి పట్టుకుని పరిగెత్తే టైరీ.

"వాళ్లని చూపించే కదరా మనల్ని తొక్కుతున్నారు!" అన్నాడు ఓడెల్. "స్టేడియం ఊరి పన్నులతో కట్టారు. టీవీ డబ్బులు ఆట మొదలవకముందే ఓనరు జేబులో పడ్డాయి. మనదంటూ ఉన్నది ఈ ఒళ్లే. అదీ అరిగేదాకానే."

"సమ్మె అంటావా? పోయిన సమ్మెలో ఇదిగో, ఈ దొరబాబు రెండోవారమే గోడ దూకాడు!" అన్నాడు టైరీ.

అందరూ హావర్టీ వైపు తిరిగారు. జట్టులో బంతి విసిరి ఆట నడిపించేవాడు. ఇంట్లో కూర్చున్నా జీతం ఆగదని రాయించుకున్నవాడు.

"పెళ్లాం పిల్లలున్నారు," అని గొణిగాడతను.

"మాకున్నవి పిల్లులా?"

ఓడెల్ బల్ల మీద గుద్దాడు. "సమ్మె వద్దు. రేపు డాక్టరు అడిగితే నిజం చెబుదాం. ఇంతమందిమి దెబ్బతిన్నామని కాగితమెక్కితే ఆడించనూ లేరు, ఊరికే తీసెయ్యనూ లేరు. ఆదివారం ఆటకి టికెట్లన్నీ అమ్ముకున్నారు. గేటు బయటవాళ్లకి ఆట నేర్పేసరికి ఆదివారం దాటిపోద్ది. గాస్కిన్స్ కాగితం మారిస్తేనే మైదానంలోకి దిగుదాం."

సమ్మె అన్నప్పుడు కూడా వాళ్లకింత భయం వెయ్యలేదు.

"నీ మోకాలి సంగతి బయటపడితే ఇంకే జట్టూ నిన్ను తీసుకోదన్నా," అన్నాడు టైరీ మెల్లగా.

"తెలుసురా."

తెలియడం వేరు, తట్టుకోవడం వేరు. ఓడెల్‌కి ముప్పై రెండేళ్లు, వేరే పనేదీ రాదు. పళ్లెంలో కోడిమాంసం ముట్టలేకపోయాడు.

పొద్దున డాక్టరు పక్కన మేనేజరు కూడా నిలబడ్డాడు. ఎవడో ఉప్పందించాడన్నమాట. వరసలో ముందు ఓడెల్.

"నొప్పి ఉందా?"

"ఉంది. ఎడమ మోకాలు. ఆరేళ్లనుంచి."

డాక్టరు కలం ఆగింది.

"ముసలి గుర్రానివి. బాగా ఆలోచించుకో," అన్నాడు మేనేజరు.

"రాసుకోండి."

"భుజం," అన్నాడు వెనకున్న టైరీ. "చెయ్యి పైకి లేవట్లేదు. టీకప్పు కూడా ఎడం చేత్తోనే."

తర్వాతివాడు పక్కటెముకలన్నాడు. ఆ తర్వాతివాడు నడుమన్నాడు. ఏళ్ల తరబడి దాచినవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"నాటకాలా? పోలీసుల్ని పిలిపించి అందర్నీ గెంటిస్తా!" మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. "హావర్టీ! నీకేం నొప్పి లేదుగా, చెప్పు వీళ్లకి!"

హావర్టీ నుదురు రుద్దుకున్నాడు. మళ్లీ గోడ దూకుతాడనే అనుకున్నాడు ఓడెల్.

"తలకి దెబ్బలు తగిలి, పోయిన ఆదివారం ఆటే నాకు గుర్తులేదు సార్," అన్నాడతను. "గెలిచామని పేపర్లో చదివాను. నిన్న ఫోన్లో మా చిన్నదాని పేరు గుర్తు రాక, బంగారూ అని పిలిచి సరిపెట్టుకున్నాను. రాసుకోండి."

రాయమంటారా అన్నట్టు డాక్టరు మేనేజరు వైపు చూశాడు. వరసలోంచి ఒక్కడూ కదల్లేదు.